బండి ఆగిన రోజు

ఆమె పోయిందని ఫోన్ చేసిన మనిషి, నేనింకా ఏమీ అనకముందే, "మరి గా పచ్చకారు ఏమైతదిప్పుడు?" అని అడిగాడు. మా వైపు ఆమె మాటెత్తితే ముందు కారు గుర్తొస్తుంది. తర్వాత ఆమె భర్త, ఆయన పోయిన తీరు. ఆమె ఆ తర్వాతే. కొన్నాళ్లు ఆస్పత్రిలో ఉండి నిద్రలోనే పోయిందట. నేను కొంపల్లిలో మా ఫ్లాట్ బాల్కనీలో నిలబడి ఆ కబురు విన్నాను. డిసెంబరు పొద్దు. కింద పార్కింగులో ఎవరో కారు స్టార్టు చేశారు. ఒక్క తిప్పుకే అందుకుని వెళ్లిపోయింది. ఇప్పటి బండ్లకు చలి సంగతి తెలియదు.

తొంభైలలో నాకు మేడ్చల్ రోడ్డు మీద స్పేర్ పార్టుల దుకాణం ఉండేది. ఆమె భర్త నా దగ్గరికొచ్చే గిరాకీ. లాల్‌గడి మలక్‌పేట్‌లో భూములున్న కుటుంబం. అప్పుడప్పుడే ప్లాట్ల వాళ్లు వచ్చి పొలాల్లో హద్దురాళ్లు పాతుతున్న కాలం. కొంత భూమి అమ్మినప్పుడు ఆయన అందరిలా జీపు కొనలేదు. పట్నంలో ఏదో పాత బంగళా షెడ్డులో మూలబడి ఉన్న విదేశీ స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. ముదురు పచ్చ రంగు, రెండే సీట్లు, పైన గుడ్డ టాపు. నేలకు ఆనుకున్నట్టుండేది. అందులో కూర్చుంటే పక్కన పోయే ట్రాక్టరు టైరు తలకంటే ఎత్తుగా కనిపించేది.

ఎండాకాలమంతా అది బాగానే నడిచేది. చలికాలం పొద్దున మాత్రం మిస్సింగ్ కొట్టేది. బాగా పోతూ పోతూ ఉన్నట్టుండి ఇంజను తడబడి, దగ్గి, ఎంత తొక్కినా పట్టు దొరక్క, ఒక్కోసారి ఆగిపోయేది. కాసేపు వదిలేసి తాళం తిప్పితే ఏమీ జరగనట్టు మళ్లీ నడిచేది. ఆయన నవ్వేవాడు. "ఫారెన్ది గదా తమ్మీ, మన సలి పడ్తలేదు దానికి" అని ప్లగ్గులు మార్పించుకుని పోయేవాడు.

ఒక డిసెంబరులో, చెరువు మీది మంచు పొలాలన్నీ కప్పిన పొద్దున, ఆయన అత్వెల్లిలో ఉండే తమ్ముడి ఇంటికి బయల్దేరాడు. దగ్గర దారని పొలాల మధ్యనించి పోయాడు. అక్కడ రైలుకట్ట దాటే చోట గేటు లేదు, కాపలా మనిషి లేడు. కారు ముందు చక్రాలు పట్టాలు దాటాయి. వెనక భాగం దాటలేదు. రైలు దాన్ని పక్కనున్న గుంటలోకి విసిరేసింది. ఆయన సీట్లోనే ఉన్నాడు.

అసలు కథ ఆ మధ్యాహ్నం మొదలైంది. కారు వెనక భాగం నుజ్జయింది గాని ముందు భాగానికి పెద్దగా ఏం కాలేదు. గుంటలోంచి లాగాక, ఊరంతా చూస్తుండగా, ఒక మెకానిక్ తాళం తిప్పాడు. ఇంజను వెంటనే అందుకుంది. తడబాటు లేదు, దగ్గు లేదు. చుట్టూ నిలబడ్డవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "బండిల ఏం తప్పు లేదు" అన్నాడు మెకానిక్. అంతే. ఆయన కావాలనే పట్టాల మీద ఆపుకుని కూర్చున్నాడని సాయంత్రానికల్లా షామీర్‌పేట దాకా పాకింది.

దానికి కారణం కూడా జనమే చెప్పుకున్నారు. చెరువు పక్కన మిగిలిన భూమి ప్లాట్లకు ఇచ్చేద్దామని తమ్ముడు పట్టుబట్టాడు. ఆయన సరేనన్నాడు. ఆమె వద్దంది. అంతకుముందు సాయంత్రం వాకిట్లోనే గొడవ. "సంతకం వెడ్తే మల్ల గీ ఇంట్లకు రాకు" అని ఆమె అన్న మాట ఆమె అత్త విన్నది. పొద్దున ఆయన ఎవరికీ చెప్పకుండా తమ్ముడి దగ్గరికి బయల్దేరాడు. సంతకం పెడతానని చెప్పడానికో, పెట్టనని చెప్పడానికో ఎవరికీ తెలియదు.

ముసలామె ఆ రోజునించి కోడలితో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. కోడలు వండిన అన్నం తినకుండా విడిగా జొన్న గటక వండుకునేది. ఎవరైనా పలకరించడానికి వస్తే, కోడలికి వినబడేలా ఒకే మాట అనేది.

"రాకన్నది. రాలే."

ఆయన భార్య నాకు పరిచయమైంది ఆ తర్వాతే. ఒకరోజు దుకాణం ముందు ఆటో దిగి, గంజి పెట్టిన నేత చీరలో, తలుపు దగ్గరే నిలబడి, "గా బండికి ఇంతకుముందు ఏమేం మార్చినవో చెప్పు తమ్మీ" అంది. చెప్పాను. అన్నీ శ్రద్ధగా విని, "మరి మిస్సింగ్ ఎందుకు వోలే?" అంది. "తెల్వదక్కా" అన్నాను. తలూపి వెళ్లిపోయింది.

అందరూ ఆ కారును తుక్కుకు అమ్మేయమన్నారు. ఆమె పట్నంలో వెనక భాగం అంతా కట్టించి, మళ్లీ తెచ్చి, మా దుకాణం పక్క ఖాళీ జాగాలో నడపడం నేర్చుకుంది. నలభై దాటిన మనిషి. స్టీరింగుకు ఆనుకుని, పెదవులు బిగించి, ఎవరితోనో పంతం పట్టినట్టు నడిపేది. పచ్చకారు కనబడితే అవతలి వైపుకు తప్పుకునేవాళ్లున్నారు. ఎదురొస్తే వెనక్కి తిరిగి పోయినవాళ్లూ ఉన్నారు.

ఆమె ఎప్పుడూ "ఆయన పోయిన రోజు" అనలేదు. "బండి ఆగిన రోజు" అనేది. ఎవరు ఎదురుపడినా ఒకటే అడిగేది, "సలికాలంల నీ బండి ఎట్ల నడుస్తది?" అని. పాలవ్యాను డ్రైవర్ని అడిగింది. ఆర్టీసీ డ్రైవర్ని అడిగింది. లూనా మీద కూరగాయలు అమ్మేవాణ్ని ఆపి అడిగింది. పెళ్లిలో పక్కన కూర్చున్న బంధువును అడిగిందని ఊళ్లో చెప్పుకుని నవ్వారు. ఇంజను ఆగగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టేది, జ్వరం వచ్చిన పిల్లల నుదురు చూసినట్టు. ఆ చేతి గోళ్లలో ఎప్పుడూ నల్లటి గ్రీజు ఉండేది. కడిగినా పోయేది కాదు.

చలికాలం వచ్చిందంటే చీర మీద భర్త స్వెటరు, నెత్తికి ఆయన కోతిటోపీ. తెల్లారగానే ఆయన పోయిన దారినే పోయేది. చెరువుకట్ట పక్కనించి, పొలాల మీదుగా, రైలుకట్ట దాకా. అక్కడ ఆగి, దిగి, రెండు వైపులా చూసి, మళ్లీ ఎక్కి మేడ్చల్ వచ్చేది. చెరువులో వలలు తీసే ముసలాయన ఒకసారి కారుకు అడ్డం నిలబడి, "గా దిక్కు పోకమ్మా, నీ కాళ్లు మొక్కుత" అన్నాడట. ఆమె అద్దం దించి, "చెరువు మీద మంచు ఎప్పుడు లేస్తది తాతా?" అని అడిగి పోయిందట.

మంచు పట్టిన పొద్దుల్లో నేను దుకాణం షట్టరు ఎత్తుతూనే చెవులు రిక్కించేవాణ్ని. ముందు రైలు పోయిన చప్పుడు. తర్వాత ఆ కారు చప్పుడు. మధ్యలో ఉన్న కాసేపు షట్టరును సగంలోనే పట్టుకుని నిలబడేవాణ్ని. ఎదురుగా చాయ్ హోటలాయన ఒకసారి అనేశాడు, "సూస్తుండు, గా బండి ఆమెను గూడ తీస్కపోతది." నేను తిట్టాను. కాని ఆ మాటే నా లోపల కూడా ఉంది.

రెండు చలికాలాలు ఆమెకు ఏమీ దొరకలేదు. కాయిల్ మార్చింది, పాయింట్లు మార్చింది, ట్యాంకు కడిగించింది. మెకానిక్ దగ్గరికి తెచ్చేసరికి ఎండ వచ్చేది, బండి బాగా నడిచేది. "అమ్మా, బండి మంచిగున్నది" అని ప్రతివాడూ అనేవాడు. ఆ మాట వింటే ఆమె మొహం చూడలేకపోయేవాణ్ని. ఎందుకంటే బండి బాగుందంటే ఆయన కావాలని ఆగినట్టే.

మూడో చలికాలం ఒకరోజు వచ్చి, గల్లాపెట్టె పక్కన కూర్చుని, మెల్లగా అంది. "తమ్మీ, సలి ఎక్కువున్న రోజు ఆగుతలేదు. మంచు ఉన్న రోజే ఆగుతాంది. వట్టి సలికి ఏం గాదు దానికి. తడి ఉండాలె."

"తడికి ప్లగ్గు వైర్లు..." అని మొదలుపెట్టాను.

"అవి కొత్తయే. ఇను. నిన్న ఆగంగనే బానెట్ లేపి అన్ని చేత్తోని ముట్టి సూసిన. ఇంజన్ కాలుతాంది. దాని పక్కకే కార్బరేటర్ మాత్రం ఫ్రిజ్‌ల పెట్టిన చెంబు తీర్గ సల్లగున్నది. పైన నీళ్లు కారుతున్నయి. మా ఫ్రిజ్‌ల పైఅర ఉంటది సూడు. తలుపు మాటిమాటికి తీస్తే ఐసు పేరుకపోతది. గట్లనే అయితాంది లోపట."

నేను నవ్వాను. హైదరాబాదులో, కాలుతున్న ఇంజను పక్కన, ఐసా అని. ఆమె నవ్వలేదు. "రేపు మంచుంటది. నాతోని రా" అంది.

మర్నాడు వెళ్లాను. ముందు అద్దంలోంచి బానెట్ చివర కూడా కనబడనంత మంచు. చెరువు దాటి కొంతదూరం పోయాక ఇంజను తడబడడం మొదలైంది. ఆమె నావైపు చూడలేదు. ఇంకా కాస్త పోనిచ్చి, పెడల్ మీద కాలు తీసింది. ఇంజను రెండుసార్లు దగ్గి చచ్చింది. ఆ నిశ్శబ్దంలో చెట్ల మీంచి నీటిచుక్కలు రాలుతున్న చప్పుడు వినిపించింది.

"దిగు, జల్దీ!"

ఆమె అప్పటికే బానెట్ ఎత్తింది. కార్బరేటర్ మూతి దగ్గరున్న మెరిసే గాలి ఫిల్టరును ముందే వదులు చేసి పెట్టుకుంది. పీకేసి, లోపలికి వేలు పెట్టి గీకి, నా అరచేతిలో వేసింది. తెల్లగా, రవ్వలా, జివ్వుమనేంత చల్లగా. చూస్తుండగానే నీళ్లయింది.

కార్బరేటర్‌లో పెట్రోలు గాలితో కలిసి ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడినంతా లాగేసుకుంటుంది. గాలిలో తడి ఉంటే అది లోపలే ఐసై దారి మూసేస్తుంది. పెడల్ వదిలితే ఆ దారి ఇంకా సన్నబడి ఊపిరి ఆగుతుంది. బండి ఆగాక ఇంజను వేడి పైకెక్కి ఐసును కరిగిస్తుంది. అప్పుడు తాళం తిప్పితే ఏ తప్పూ దొరకదు. తప్పు నీళ్లై కారిపోయి ఉంటుంది.

ఆ కారును చేసినవాళ్లకు ఇది తెలుసు. ఇంజను పొగ బయటికొచ్చే చోటి వెచ్చటి గాలిని గొట్టంతో తెచ్చే నల్లటి డబ్బా ఒకటి పెట్టారు. ఆమె భర్త ఆ డబ్బా చూడ్డానికి బాగోలేదని తీసేసి, చప్పుడు గట్టిగా రావాలని మెరిసే ఫిల్టర్లు పెట్టించుకున్నాడు. ఆమె పశువుల కొట్టంలో వెతికి దాన్ని పట్టుకొచ్చింది. నేను క్లిప్పులిచ్చి బిగించాను. ఆ వారమంతా మంచు పట్టింది. కారు ఒక్కసారీ తడబడలేదు.

నేను సంతోషపడ్డాను. "ఇగ అయిపోయిందక్కా. పట్టాల కాడ రైలొస్తుందేమో అని స్లో చేసిండు, ఆగిపోయింది. అంతే. ఇగ అందరికి చెప్పు."

ఆమె బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడింది. "బండి ఎందుకు ఆగిందో దొరికింది తమ్మీ" అంది. "ఆయన ఎందుకు దిగలే?"

"సెల్ఫ్ కొట్టుకుంట కూసున్నడు గావచ్చు" అన్నాను.

"కూసున్నడు. మరి రైలు కూత ఇనబడలేదా? అద్దాలు ఎక్కిచ్చుకొని, టాపు ఏస్కొని, సెల్ఫ్ కొడ్తుంటే లోపటికి ఇనబడ్తదా, ఇనబడదా? గది సూడాలె."

వద్దన్నాను. బతిమాలాను. నువ్వు రాకపోతే ఒక్కదాన్నే పోతానంది. అందుకని వెళ్లాను.

ఆ పొద్దున కూడా మంచే. రైలుకట్ట ఎక్కాక, పట్టాలకు ఇవతల, కారును ఆపింది. ఇంజను అందుకోకుండా నాతోనే కాయిల్ వైరు పీకించింది. నేను ఒక రాయి తెచ్చి ముందు చక్రం కింద పెట్టాను.

"నువ్వు ఎన్క నిలబడు. రైలు కూత నాకు ఇనబడంగనే హారన్ కొడ్త. నీకు ఇనబడినంక ఎంతసేపటికి కొడ్తనో సూడు" అంది. లోపల కూర్చుంది. తలుపు పడింది. అద్దాలు ఎక్కాయి. సెల్ఫ్ కొట్టడం మొదలైంది, ఏడ్చినట్టు ఆగకుండా.

నేను కారు వెనక నిలబడ్డాను. రెండు చేతులతో బంపరు పట్టుకున్నాను. అది పట్టాల వైపు జారితే నేను ఆపగలనా? ఆ ఆలోచన కూడా రాలేదు. టాపుకు వెనకవైపు చిన్న ప్లాస్టిక్ అద్దం ఉంది. అందులోంచి కోతిటోపీ పెట్టిన ఆమె తల కనిపిస్తోంది.

కూత వినిపించింది. దూరంగా, కాని స్పష్టంగా.

ఆమె తల పక్కకు తిరిగింది. సెల్ఫ్ ఆగింది. నేను హారన్ కోసం ఎదురుచూశాను. హారన్ మోగలేదు. ఆమె తల అటే ఉంది, కదలకుండా. మళ్లీ కూత, ఇంకా దగ్గరగా. కాళ్ల కింద నేల వణకడం మొదలైంది. "అక్కా!" అని అరిచాను. అప్పుడు ఆమె మెల్లగా తల ముందుకు తిప్పుకుని, మళ్లీ సెల్ఫ్ కొట్టడం మొదలుపెట్టింది. రైలు మంచులోంచి నల్లగా వచ్చి మా ముందునించి పోయింది. గాలికి కారు ఊగింది. ఆఖరి డబ్బా పోయేదాకా హారన్ మోగలేదు.

చాలాసేపటికి ఆమె దిగింది. తలుపు వదలకుండానే అడిగింది.

"ఎప్పుడు కూసింది?"

"మస్తు సేపైందక్కా."

"నాకు ఇనబడలే" అంది.

నేను కాయిల్ వైరు పెట్టాను. చక్రం కింది రాయి తీశాను. నన్ను కూడా ఎక్కించుకుని తిన్నగా ఇంటికి పోనిచ్చింది.

ముసలామె వాకిట్లో గోడకు ఆనుకుని ఎండ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. కోడలు ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని, అన్నీ ఒక్కొక్కటిగా చెప్పింది. ఐసు సంగతి, డబ్బా సంగతి. "బండి దానంతట అదే ఆగింది అత్తమ్మా. ఆయన ఆపలే. సెల్ఫ్ కొట్టి చాలు చేస్తుండంగ రైలొచ్చింది. లోపట కూసుంటే కూత ఇనబడదు. ఇయ్యాల నేనే కూసోని సూసిన."

ముసలామె కోడలి మొహం చూడలేదు. నావైపు తిరిగింది. కళ్లలో పొర. "నువ్వు ఉన్నవా ఆడ కొడుకా?"

"ఉన్న అవ్వా."

"నువ్వు జెప్పు. ఇనబడదా?"

కోడలు నావైపు చూడడం లేదు. ఒళ్లో పెట్టుకున్న చేతుల్ని చూసుకుంటోంది.

"ఇనబడదవ్వా" అన్నాను. "రైలు ముందలికొచ్చేదాంక ఆమెకు తెల్వనే లేదు."

ముసలామె ఏడ్చింది. ఇన్నేళ్లూ దాచుకున్నదంతా. ఏడుస్తూనే చెయ్యి చాపి తడుముకుని కోడలి నెత్తి మీద పెట్టింది. "అయ్యో బిడ్డా" అంది. "అన్నం తిన్నవా?" కోడలు ఆ చెయ్యి కింద తలొంచుకుంది. ఆ పొద్దున వాళ్లిద్దరూ ఒకే గిన్నెలోది తిన్నారు. తర్వాత ముసలామె బతికినంతకాలం అలాగే తిన్నారని విన్నాను. ఊరు కూడా నమ్మింది. కార్లో ఐసు దొరికిందన్న మాట వింతగా చెప్పుకుంటూ, మెల్లగా పాత మాట మరిచిపోయారు. ఆమె ఇంకెప్పుడూ పొద్దున పూట ఆ దారిన పోలేదు.

ఆ రోజు నన్ను దుకాణం దగ్గర దింపడానికి తనే వచ్చింది. మంచు విడిపోయి ఎండ పడుతోంది. నేను దిగి తలుపు వేశాక కూడా ఆమె కదలలేదు. ఇంజను సాఫీగా నడుస్తోంది. అద్దం దించింది.

"తమ్మీ, నువ్వు సూసినవ్ గదా" అంది.

"ఏం సూసుడక్కా" అన్నాను. "నేను ఎన్క నిలబడ్డ. అంత మంచుల నాకేం గనబడలే."

ఆమె చాలాసేపు నా మొహంలోకి చూసింది. తర్వాత అద్దం ఎక్కించుకుని, గేరు వేసి, ఇంటి దారి పట్టింది.